ఎల్లుండికి ఊదా అవుతుంది

మా వీధిలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. ఎల్లుండి మేస్త్రి అంటారు. కుర్చీ కాలు విరిగిందని తెచ్చినా, తలుపు బిగుసుకుపోయిందని కబురు పెట్టినా, నా నోట్లోంచి ముందుగా ఊడిపడే మాట అదేనట: "ఎల్లుండి ఇచ్చేస్తాను." రేపు అని ఎందుకనవయ్యా అని ఒకాయన అడిగాడు. రేపు అంటే రేపే వచ్చి కూర్చుంటారు. ఎల్లుండి అంటే మనిషి కాస్త మర్చిపోవడానికి వీలుంటుంది. వడ్రంగం నాకు మా మేనమామ నేర్పాడు గానీ ఈ విద్య మాత్రం నా స్వార్జితం.

నాకు ఇంకో జబ్బు కూడా ఉంది. తోటి మేస్త్రులు మామూలు కలపతో మంచాలూ బల్లలూ చేసుకుని హాయిగా బతుకుతుంటే, నాకు మాత్రం ఓడల్లో వచ్చే గట్టి కలప కావాలి. కోసిన రోజు ఒక రంగు, నెల తిరిగేసరికి ఒక రంగు, నాలుగేళ్ళకి ఇంకో రంగు, అలాంటి చెక్కలంటే నాకు చెప్పలేని మోజు. ఒకటుంది, కోయగానే క్యారెట్ ముక్కలా నిగనిగలాడుతుంది, పోనుపోను మరిగిన టీ పొడిలా తయారవుతుంది. ఇంకోటి పసుపు పూసినట్టుంటుంది, అదీ చివరికి ఆ దారే పడుతుంది. నేను తాజాగా కోసిన రోజున ఖాతాదారుని పిలిచి చూపించి వాహ్వా అనిపించుకుంటాను. తర్వాత ఆయన వచ్చి "ఆ రోజు చూపించిన రంగేదీ?" అని నిలదీస్తే, "చెక్క కూడా మనిషి లాంటిదే, దానికి మాత్రం వయసు రాదా?" అని వేదాంతం చెప్పి పంపిస్తాను. ఆడలేక మద్దెల ఓడు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

పెళ్ళి కూడా నలభై దాటాకే అయింది. అందులోనూ ఎల్లుండి అంటూ వచ్చావురా అని మా అక్క దెప్పుతుంది. మా ఆవిడకి వీధి చివర బేకరీ ఉంది. రొట్టెల అరలు ఒరిగిపోయాయని నా కొట్టుకి వచ్చింది. ఎల్లుండి చేస్తానన్నాను. "అయితే ఎల్లుండిదాకా ఇక్కడే కూర్చుంటాను" అని స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పూటే వెళ్ళి అరలు సరిచేశాను. నా బతుకులో వాయిదా లేకుండా చేసిన మొదటి పని అదే. రెండోది ఆవిణ్ణి పెళ్ళి చేసుకోవడం.

ఆవిడతో పాటు పదేళ్ళ కూతురు వచ్చింది. కూతురితో పాటు నీలం రంగు సూట్‌కేసు ఒకటి వచ్చింది.

ఆ సూట్‌కేసు మంచం కిందకి వెళ్ళింది, అంతే, ఖాళీ కాలేదు. పొద్దున్నే పిల్ల దాన్ని బయటికి లాగి, అందులోంచి బడి బట్టలు తీసుకుని, మిగతావి మడతలు చెదరకుండా సర్ది, జిప్పు వేసి మళ్ళీ లోపలికి తోసేది. సాయంత్రం విప్పిన బట్టలు మళ్ళీ అందులోకే. గోడకి అల్మరా ఉంది, దండెం ఉంది, నేను కొట్టిన మేకులున్నాయి. దేనిమీదా ఆ పిల్ల రుమాలు కూడా పెట్టలేదు. రైలు వచ్చేదాకా స్టేషన్లో కూర్చున్నవాళ్ళు అలాగే ఉంటారు. నెలలు గడిచాయి. పొద్దున్నే ఆ జిప్పు చప్పుడు వినపడితే నాకు టీ గొంతు దిగేది కాదు.

కన్నతండ్రి బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలీదు. సైకిలు తెస్తాననీ, ఆదివారం వస్తాననీ, సముద్రం చూపిస్తాననీ ఆయన చెప్పిన కబుర్లకి లెక్కలేదు. సైకిలూ రాలేదు, ఆదివారం ఆయనా రాలేదు, సముద్రం ఉన్నచోటే ఉంది. అందుకని ఆ పిల్లకో అలవాటు పట్టుకుంది. ఎవరైనా ఏదైనా చేస్తానని మాటిస్తే, గోడ మీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసి "చూద్దాం" అనేది. పెద్ద ఆఫీసరు దరఖాస్తు పక్కన పెట్టినట్టుండేది ఆ మాట. నన్ను ఊళ్ళోవాళ్ళలాగే మేస్త్రిగారూ అని పిలిచేది. నేను పైకి అమ్మాయ్ అన్నా, మనసులో మాత్రం ఇన్‌స్పెక్టర్ అనుకునేవాణ్ణి. అలాంటి పిల్ల వచ్చి వచ్చి ఎల్లుండి మేస్త్రి ఇంట్లో పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

వేసవి సెలవులిచ్చిన రోజు మా ఆవిడ బేకరీ వెనక గదిలో పిండి కలుపుతూ విషయం చెప్పింది. "ఇక్కడ నచ్చకపోతే బడి తెరిచాక అమ్మమ్మ దగ్గరుండి చదువుకుంటానంటోంది. సరే అన్నాను. బలవంతంగా ఉంచలేను కదా."

ఆ మాట అని మళ్ళీ పిండి మీదకి వంగింది. కలిపిన పిండినే కలుపుతూ ఉండిపోయింది. అంత కలిపితే రొట్టె చెడుతుందని నాకే తెలుసు, ఆవిడకి తెలీదా?

నాకు భయమేసింది. కూతురు వెళ్ళిపోతే ఈవిడ నాతోనే ఉంటుంది, కానీ సగం మనిషే ఉంటుంది. నా సంగతి కూడా చెప్పాలి. ఆ పిల్ల నాతో ఎక్కువ మాట్లాడేది కాదు గానీ, నా కొట్టుకొచ్చి రంపపు పొట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నేను చేసే పనిలో తప్పులు వెతికేది. "ఆ గీత వంకరగా ఉంది" అనేది. నిజంగానే వంకరగా ఉండేది. నాకు పిల్లలు లేరు, కాబట్టి ఇది ప్రేమో కాదో పోల్చుకోవడం నాకు రాదు. కానీ ఆ స్టూలు ఖాళీగా ఉంటే కొట్టు తెరవబుద్ధి కాదనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నోరు జారాను.

"నీ బట్టలకి సొరుగుల బీరువా చేసిపెడతానమ్మాయ్. ఏ రంగు కావాలి?"

"ఊదా."

"వంకాయ రంగేగా?"

"వంకాయ కాదు. ఊదా."

"అయితే విను. రంగు వెయ్యక్కర్లేదు. లోపల్నించే ఊదాగా ఉండే చెక్క ఉంది."

చెంచా కింద పెట్టింది. "చెక్క ఊదాగా ఉంటుందా? పెయింట్ వెయ్యకుండా?"

"చుక్క కూడా వెయ్యను."

"ఎప్పటికిస్తారు?"

"ఎల్లు..." అన్నాను. బల్ల కింద మా ఆవిడ నా కాలు తొక్కింది. "సెలవులయ్యేలోపు" అని దిద్దుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ క్యాలెండర్ వైపు చూసింది. "చూద్దాం. నిజంగా ఊదా అయితే నా బట్టలు అందులో పెట్టుకుంటా. కాకపోతే అమ్మమ్మ దగ్గర బీరువా ఉంది."

అలా ఒక సంసారాన్ని తీసుకెళ్ళి ఒక చెక్కకి కట్టేశాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు.

కలప డిపోలో ఆ చెక్క దొరికింది. ఇనుములా బరువు. పైన దుమ్మూ ధూళీ కొట్టుకుని ఏ రంగో తెలియకుండా ఉంది. కొట్టుకి తెచ్చి పనిబల్లకి బిగించాను. పిల్ల స్టూలు మీద సిద్ధంగా ఉంది.

ఇక్కడ నా తెలివి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ చెక్క గుణం నాకు తెలియక కాదు. కోసినప్పుడు అది ఊదాగా ఉండదు. మట్టిలో దొర్లిన బంగాళాదుంపలా ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలాక, రోజుల మీద, మెల్లమెల్లగా ఊదాకి తిరుగుతుంది. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నాకు గొప్పలు పోవాలనుంది కదా! గారడీవాడిలా చేతులు దులుపుకుని, "ఇప్పుడు చూడు" అని చిత్రిక పట్టాను. పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. కింద బంగాళాదుంప బయటపడింది.

పిల్ల లేచి వచ్చి వంగి చూసింది. వేలితో రాసింది. వాసన చూసింది.

"ఇది బ్రౌన్."

"ఇప్పుడు బ్రౌనే. ఎల్లుండికి ఊదా అవుతుంది."

అనకూడని మాట అననే అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "మీరు అందరికీ ఎల్లుండే చెప్తారటగా. బేకరీకొచ్చే వాళ్ళందరూ చెప్పారు."

పాతికేళ్ళుగా అబద్ధానికి వాడిన మాటని ఆ ఒక్కసారి నిజానికి వాడాను. అది చెల్లలేదు.

సరే, మాటలు కాదు, పని చూపిద్దామని మొండికేశాను. తిండీ నిద్రా చూసుకోకుండా ఆ చెక్కతో కుస్తీ పట్టాను. రంపం పళ్ళు మొద్దుబారాయి, ఉలి అంచు రాలింది, నా నడుం పట్టేసింది. వీధిలో వాళ్ళు వచ్చి మరీ చూసి వెళ్ళారు. ఎల్లుండి మేస్త్రి వరసగా పని చేస్తున్నాడట అని. చివరికి నాలుగు సొరుగుల బీరువా నిలబడింది. పక్కల మీద అప్పటికే లేత ఊదా ఛాయ మొదలైంది. అక్కడితో ఆగి, దాన్ని గాలికి వదిలేసి, నోరు మూసుకుని కూర్చుంటే చాలు. బడి తెరిచేలోపు వంద బీరువాలు ఊదా అయ్యుండేవి.

నాకు కూర్చోవడం చేతకాలేదు. అక్కడక్కడా చిన్న గరుకులు కనిపించాయి. పిల్ల వేలు పెట్టి చూపించకముందే తీసేద్దామని, అన్ని వైపులా ఇంకోసారి సన్నగా చిత్రిక పట్టాను. మొదలైన ఊదా అంతా పొట్టులో కలిసిపోయింది. ఊరుకున్నానా? లేదు. మంచి మెరుపు రావాలని, దాచుకున్న వార్నిష్ డబ్బాల్లోకెల్లా ఖరీదైనది తీసి, రెండు పూతలు దట్టంగా వేశాను. పని ముగించి, చేతులు తుడుచుకుంటూ, తీరిగ్గా డబ్బా మీద అచ్చు చదివాను. 'గాలీ ఎండా తగిలి చెక్క రంగు మారకుండా కాపాడును' అని ఉంది.

రంగు మారితే గానీ నిలబడని కాపురం నాది. రంగు మారకుండా కాపాడే మందు వెతికి మరీ పూశాను. మామూలు వడ్రంగి అయితే ఆ డబ్బా కొనేవాడే కాదు. ఇలాంటి పొరపాటు చెయ్యాలంటే ఇంత అనుభవం ఉండాలి.

పిల్ల వచ్చి బీరువా చుట్టూ తిరిగింది. "బాగా మెరుస్తోంది" అని ఒప్పుకుంది. "బ్రౌన్‌గా."

ఎల్లుండి వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాత ఎల్లుండి కూడా. బీరువా గాజుబుడ్డిలో పెట్టిన నూనెలా అలాగే ఉంది. ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. జిప్పు మాత్రం పొద్దున్నే తన మాట తను చెప్పేది.

డిపో ఆసామికి ఫోన్ చేసి ఎవరి కథో చెబుతున్నట్టు నా కథ చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, "ఆ మహానుభావుణ్ణి వార్నిష్ గీకెయ్యమనండి. తొందరుంటే చెక్కకి కాస్త వేడి చూపిస్తే త్వరగా తిరుగుతుంది" అన్నాడు.

వేడి అనగానే నాకు మా ఆవిడ ఓవెన్ గుర్తొచ్చింది. ఆ ఓవెన్‌ని మా ఆవిడ నాకంటే బాగా చూసుకుంటుంది. పొద్దుటి రొట్టెలు బయటికి వచ్చాక, ఆవిడ సరుకులు తేవడానికి వెళ్ళింది చూసి, అడుగు సొరుగు ముందు చెక్క ఊడదీసి, వార్నిష్ గీకినంత గీకి, ఓవెన్‌లో పెట్టాను. కాసేపే అనుకున్నాను. ఈలోపు ఒక పెద్దాయన వచ్చి, తన మంచం ఎప్పుడిస్తానని అడిగాడు. ఆయనకి ఎల్లుండి అని నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. వెనక్కి వెళ్ళి చూస్తే గది నిండా పొగ.

చెక్క ఒక చివర బొగ్గయింది. కానీ మధ్యలో, అరచేయంత మేర, ఊదా! అచ్చమైన, నికార్సైన ఊదా! నేను ఆ పొగలోనే గెంతులేశాను. తిరిగొచ్చిన మా ఆవిడకి కనిపించిన దృశ్యం అది.

ఆవిడ ఏమీ అనలేదు. అన్నీ ఖాతాదారులే అన్నారు. మధ్యాహ్నం బన్నులు తీసుకెళ్ళిన ఒకావిడ వెనక్కి తెచ్చి, "వీటికి కొత్త బీరువా వాసనొస్తోందేమిటి?" అంది. మా ఆవిడ డబ్బులు తిరిగిచ్చి, తలుపు వేసి, అప్పుడు నా వైపు తిరిగింది. "పిల్ల కోసం చేస్తున్నారు కాబట్టి మాటలతో పోనిస్తున్నాను మేస్త్రిగారూ. ఇంకోసారి ఓవెన్ జోలికొస్తే చెక్కకి బదులు మిమ్మల్ని పెడతాను."

నేను ఆ ఊదా ముక్కని పట్టుకెళ్ళి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాను. ఆ పిల్ల తిప్పి తిప్పి చూసింది. "కాలిస్తే ఏదైనా రంగు మారుతుంది" అని తిరిగిచ్చేసింది.

ఇక దగ్గర దారులన్నీ మూసుకుపోయాయి. గీకడం మొదలుపెట్టాను. బీరువా విప్పి, వార్నిష్ పొర పొరా ఊడగీకి, ఉప్పు కాగితంతో రుద్దాను. భుజాలు పడిపోయాయి. తర్వాత ముక్కలన్నీ పెరట్లో ఎండలో నిలబెట్టాను. ఎండ ఎటు తిరిగితే వాటిని అటు తిప్పుతూ, మబ్బు పడితే తిట్టుకుంటూ, వాటి వెనకే తిరిగాను. గోడ పక్క నుంచి తలలు లేచేవి. "మేస్త్రీ, బీరువాకి జలుబు చేసిందా?" అని ఒకరు. "ఎండదెబ్బ తగుల్తుంది, టోపీ పెట్టు" అని ఇంకొకరు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఏడుపొచ్చేది.

ఎందుకంటే మబ్బు వదల్లేదు. వానా పడదు, ఎండా రాదు. చెక్క మీద ఒక నీరసపు గులాబీ ఛాయ వచ్చి అక్కడే ఆగింది. బడి తెరిచే రోజు దగ్గరపడింది. అమ్మమ్మ ఫోన్ చేసి మంచం సిద్ధం చేశానని చెప్పింది. మా ఆవిడ పిల్ల గౌన్లు ఇస్త్రీ చేస్తోంది. ఒక్కో గౌనూ రెండుసార్లు చేస్తోంది.

అప్పుడు నాకు బుద్ధి వక్రించింది. వేరే పేటకి వెళ్ళి, నా మొహం తెలియని కొట్టులో, ఒక చిన్న డబ్బా ఊదా రంగు కొన్నాను. తెచ్చి జిగురు డబ్బాల వెనక దాచాను. పల్చగా ఒక్క పూత వేస్తే చెక్క గీతలు కనిపిస్తూనే ఉంటాయి, ఎవరికి తెలుస్తుంది? తర్వాత ఎలాగూ అసలు రంగు వస్తుంది కదా, ఇది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎదుటివాణ్ణి ఒప్పించడం నాకు అలవాటే గానీ, నేను ఇంత తొందరగా ఒప్పుకుంటానని అనుకోలేదు.

తెల్లవారుజామునే, ఇంట్లోవాళ్ళు లేవకముందే డబ్బా, కుంచె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ముందు కనపడని చోట వేసి చూద్దామని, పక్క చెక్క ఒకటి తలకిందులు చేశాను. కుంచె ముంచి, వంగాను.

చెక్క అడుగు మూలన నల్లటి టేపు ముక్క అంటించి ఉంది. వేలెడంత. డిపోవాళ్ళ గుర్తేమో అనుకున్నాను. తీరా చూస్తే అది నా కొట్టులోని కరెంటు తీగల టేపే. మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, ముడత లేకుండా అంటించారు. నా ఇంట్లో అంత శుభ్రంగా పని చేసేది ఒక్కరే.

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను రంగు వేస్తే ఆ టేపు మీద కూడా పడుతుంది, లేదా టేపు చుట్టూ అంచు తెలిసిపోతుంది. చెక్క తనంతట తను తిరిగితే టేపు కింద మాత్రం పాత రంగే ఉండిపోతుంది. ఇన్‌స్పెక్టర్‌గారు సాక్ష్యం భద్రపరిచి వెళ్ళారు.

ముందు ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నా టేపుతో, నాకే పరీక్షా! తర్వాత మెట్టు మీద కూలబడ్డాను. వెళ్ళిపోదామని నిశ్చయించుకున్న పిల్లకి ఈ టేపుతో ఏం పని? సూట్‌కేసు సర్దుకుని కూర్చుంటే సరిపోయేది. నేను నిజం చెబుతున్నానేమో అని, చెబితే బాగుండని, ఎక్కడో ఆశ ఉండబట్టే కదా వేలెడు చోటు దాచి పెట్టుకుంది. ఆ ఆశకి నా కుంచె అంగుళం దూరంలో ఉంది.

మంచితనంతో ఆగానని చెప్పుకోవాలని ఉంది. కానీ దొరికిపోతానన్న భయంతోనే ఆగాను. మంచితనం, దొడ్డిదారినైనా, తర్వాత వచ్చింది. కుంచె కడిగేసి, డబ్బా మూత బిగించి మళ్ళీ జిగురు డబ్బాల వెనక పెట్టేసి, పిల్ల లేచేదాకా పెరట్లోనే కూర్చున్నాను.

"అమ్మాయ్" అన్నాను లేచి రాగానే. "సెలవుల్లోపు ఇది ఊదా అవుతుందో లేదో నాకు తెలీదు. దానంతట అది అయ్యేదే. నేనే ఆత్రంకొద్దీ వార్నిష్ పూసి చెడగొట్టాను. ఎండ వస్తే అవ్వచ్చు. రాకపోతే అవ్వదు. నేను చెయ్యగలిగింది ఇంకేం లేదు."

ఎప్పటిలా క్యాలెండర్ వైపు చూస్తుందనుకున్నాను. నన్నే చూసింది. తెలీదు అని ఆ పిల్లకి చెప్పిన మొదటి పెద్దమనిషిని నేనే అనుకుంటాను.

"సరే" అంది. చూద్దాం అనలేదు. ఆ రోజు నుంచి చెక్కలు తిప్పడానికి తను కూడా వచ్చింది. మబ్బుని ఇద్దరం కలిసి తిట్టాం.

ఇక బడి తెరుస్తారనగా ఎండ వచ్చింది. అంతకుముందు రాని ఎండంతా వడ్డీతో వచ్చిందనిపించింది. పొద్దున్న గులాబీగా ఉన్న చెక్క సాయంత్రానికి కందింది, మర్నాటికి చిక్కబడింది. ఆ మర్నాడు నేను లేచి పెరట్లోకి వెళ్ళేసరికి, ఆ పిల్ల అప్పటికే అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా బీరువా చెక్కలు వరసగా, ఊదాగా. వంకాయ కాదు. ఊదా.

నన్ను చూసి, గోటితో టేపు అంచు లేపి, నెమ్మదిగా ఊడబీకింది. కింద వేలెడంత బంగాళాదుంప రంగు. నాలుకతో బొటనవేలు తడుపుకుని ఊదా మీద రుద్ది చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"పెయింట్ కాదు" అంది మెల్లగా.

"కాదు" అన్నాను ఛాతీ విరుచుకుని.

"మరి జిగురు డబ్బాల వెనక ఊదా పెయింట్ ఎందుకుంది?"

విరుచుకున్న ఛాతీ విరుచుకున్నట్టే ఉండిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. బొంకడానికి పది మాటలు నాలుక మీదకి వచ్చాయి. పాతికేళ్ళ సాధన మరి. మింగేశాను.

"వేద్దామని కొన్నాను."

"మరెందుకు వెయ్యలేదు?"

"నీ టేపు కనపడింది."

చేతిలోని టేపు ముక్క వైపు చూసుకుంది. తర్వాత నవ్వింది. మా ఇంటికి వచ్చాక ఆ పిల్ల నవ్వడం నేను అప్పటిదాకా వినలేదు. మామూలుగా కాదు, పొట్ట పట్టుకుని, నేలమీద చతికిలబడి, ఊపిరాడక నవ్వింది. మా ఆవిడ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఏం చేశారు మేస్త్రిగారు?"

ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏం లేదమ్మా" అంది పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. "ఊదా అయింది."

మా ఆవిడ చెక్కల్ని చూసింది, పిల్లని చూసింది, నన్ను చూసింది. పిండి చేత్తోనే మొహం కప్పుకుంది.

బీరువా బిగించి లోపల గదిలో మంచం పక్కన పెట్టాం. అడుగు సొరుగు మాత్రం కాలిన చెక్కతోనే ఉంది. ఇంకో ముక్క లేదు. పిల్ల సూట్‌కేసు బయటికి లాగి, జిప్పు మీద చెయ్యి వేసింది. అప్పుడు మళ్ళీ నా నోరు ఊరుకోలేదు.

"ఇంకో సంగతి ఉంది. తర్వాత తెలిసి తిట్టుకునేకంటే ముందే చెబుతున్నాను. ఈ ఊదా ఎప్పటికీ ఇలాగే ఉండదు. మెల్లగా మళ్ళీ బ్రౌన్ అయిపోతుంది."

మా ఆవిడ నన్ను కళ్ళతోనే ఓవెన్‌లో పెట్టింది. జిప్పు మీద చెయ్యి ఆగింది.

"ఎప్పుడు?"

"ఏళ్ళు పడుతుంది. నువ్వు పెద్దయ్యేసరికి."

ఆ పిల్ల ఆలోచించింది. తర్వాత జిప్పు లాగింది. ఇన్నాళ్ళూ నేను విన్నది సగం చప్పుడే. ఈసారి ఆ జిప్పు చుట్టూ తిరిగి చివరిదాకా వెళ్ళింది. గౌన్లు పై సొరుగులో, బడి బట్టలు దాని కింద, పుస్తకాలు మూడోదాంట్లో. ఎవరికీ చూపించనివి ఏవో కాలిన సొరుగులో పెట్టి మూసింది. ఖాళీ సూట్‌కేసు నా ముందుకి తోసింది.

"ఇది అటక మీద పెట్టాలి. ఎప్పుడు పెడతారు?"

నోరు తెరిచాను. మూశాను. వెళ్ళి నిచ్చెన తెచ్చాను.

పైకెక్కి, పాత డబ్బాలు పక్కకి తోసి సూట్‌కేసుకి చోటు చేస్తున్నాను. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పిల్ల అడిగింది. "మళ్ళీ బ్రౌన్ అయిపోయాక చిత్రిక పడితే ఊదా వస్తుందా?"

"వస్తుంది. ముందు బంగాళాదుంపలా అవుతుంది. తర్వాత ఆగితే ఊదా వస్తుంది."

"అయితే నేను పెద్దయ్యాక నువ్వే పట్టాలి చిత్రిక. ఎల్లుండి అనకూడదు."

సూట్‌కేసు రెండు చేతులతో పట్టుకుని నిచ్చెన మీద అలాగే ఉండిపోయాను. 'నేను పెద్దయ్యాక' అంది. అంటే నేను ముసలివాణ్ణయ్యాక. అప్పుడు కూడా తన బీరువా ఈ ఇంట్లోనో, తనుండే ఇంట్లోనో ఉంటుంది, దానికి చిత్రిక పట్టడానికి నేనుంటాను. ఆ పిల్ల లెక్కలో ఇది మాటివ్వాల్సిన సంగతి కూడా కాదు.

"ఎప్పుడు పట్టమంటే అప్పుడే" అన్నాను. సూట్‌కేసుని అటక లోపలికంటా తోశాను.

కిందకి చూశాను. ఎదురుగోడకే క్యాలెండర్ వేలాడుతోంది. ఆ పిల్ల అటు చూడలేదు.

"దిగు ముందు. నిచ్చెన ఊగుతోంది" అంది.